సమాధుల తోటలో కరెంటు లేదు

మా పాలెంలో ఎవరైనా పోతే ముందు రెండు చోట్లకు కబురు వెళ్ళేది. ఒకటి పాస్టరయ్యకు, రెండోది వరప్రసాదానికి. పాస్టరయ్య రావడం ఆలస్యమైతే జనం ఓర్చుకునేవాళ్ళు. వరప్రసాదం వస్తే గానీ శవపెట్టె లేచేది కాదు.

పాలెం మార్కాపురానికి దగ్గరే, పెద్దారవీడు పోయే దారి పక్కన. సమాధుల తోట మాత్రం ఊరికి దూరం. వాగు దాటి, పాత పలకల గనుల్లోంచి తవ్విపోసిన రాళ్ళ దిబ్బల వెనక్కి వెళ్ళాలి. పేరుకే తోట. సర్కారు తుమ్మ తప్ప అక్కడ నీడనిచ్చే చెట్టు లేదు. కరెంటు స్తంభాలు వాగుకు ఇవతలే ఆగిపోయాయి.

ఆ దారంతా వరప్రసాదం గిటారు భుజాన వేసుకుని పెట్టెకు ముందు నడుస్తూ పాడేవాడు. మైకు లేని గొంతు అది. మోసేవాళ్ళకు వినిపించేది, చివరన వస్తున్న ముసలమ్మలకు వినిపించేది. ఏడ్చే మనిషి కూడా ఆ గొంతు పట్టుకుని పాటలోకి వచ్చేది. గుంట దగ్గర మట్టి వేసేటప్పుడు అతను ఎత్తుకున్న శ్రుతి ఎవరికీ మరీ పైకి ఉండేది కాదు, మరీ కిందికీ ఉండేది కాదు. అది అతనికెలా తెలిసేదో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, "ఆడోళ్ళు ఎక్కువమంది వచ్చినారా, మొగోళ్ళు ఎక్కువమంది వచ్చినారా అని చూస్తాను, అంతే" అన్నాడొకసారి.

గిటారు అతనికి కంభంలో దొరికింది. అక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో వార్డెనుగారు నేర్పారు. ఆయన వేరే ఊరికి బదిలీ అయి వెళ్తూ దాన్ని ఇతని చేతిలో పెట్టి పోయారు. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరువాత మా ఈడు వాళ్ళందరిలాగే వరప్రసాదం మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ రంపపు చక్రం మీద రాతి రేకులను కొలతకు కోయడం అతని పని. పక్క చక్రం మీద ఏబేలు. ఇద్దరిదీ ఒకే వీధి. బావా అంటే బావా అనుకునేవాళ్ళు. సాయంత్రం ఒకే సైకిల్ మీద ఇంటికి వచ్చేవాళ్ళు. జుట్టు, కనురెప్పలు, చెవుల్లో వెంట్రుకలు అన్నీ బూడిదరంగుగా ఉండేవి. వరప్రసాదం భార్య సువార్తమ్మ నీళ్ళు తోడి పెడుతూ, "ఈ దుమ్మంతా నా ఇంటికే తెచ్చినావా?" అని నవ్వేది. ఇంటికి వచ్చింది కొంచెమేనని, మిగిలింది మనిషి లోపలికి పోయిందని అప్పుడెవరికీ తెలియదు.

దగ్గు మొదలైనప్పుడు క్షయ అన్నారు. మందులు వాడాడు. తగ్గలేదు. మళ్ళీ వాడాడు. చివరికి ఒంగోలులో ఒక డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, ఇది క్షయ కాదు, రాతిదుమ్ము అన్నాడు. లోపలికి పోయిందే గానీ బయటికి రాదన్నాడు. ఏబేలుకూ అదే మాట చెప్పారు, కొన్నాళ్ళ తేడాతో.

వరప్రసాదం పని మానేశాడు. ఒకరోజు పెరట్లో నీళ్ళ బిందె ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. ఊపిరితిత్తి చిరిగి గాలి బయటికి పోయిందట. ఆసుపత్రిలో పక్కటెముకల మధ్య బెజ్జం పెట్టి గొట్టం వేశారు. బతికి ఇంటికి వచ్చాడు గానీ గొంతు రాలేదు. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఆగాలి. పాట మాట ఎత్తేవాళ్ళు కాదు ఇంట్లో.

ఆదివారం గుడిలో ఇబ్బంది లేదు. కరెంటు ఉంది. గిటారు ముందు మైకు పెడితే సరిపోయేది. అతను వాయిస్తే జనం పాడేవాళ్ళు. చిక్కంతా సమాధుల తోటలో వచ్చింది.

ఆ ఏడు వేసవి ముందు ఆదెమ్మ అనే పెద్దామె పోయింది. అవి జిల్లాలను విడగొడుతున్న రోజులు. మార్కాపురాన్నీ జిల్లా చేయాలని టెంట్లు వేసుకుని కూర్చున్నారు, ఊళ్ళో అదే గోల. వరప్రసాదాన్ని ఆటోలో వాగు దాకా తీసుకెళ్ళి, అక్కడినుంచి చేయి పట్టుకుని నడిపించారు. గుంట పక్కన కుర్చీ వేశారు. అతను గిటారు మీటాడు. గాలి విసురుగా ఉంది. కుర్చీ చుట్టూ ఉన్న నలుగురికి తప్ప ఎవరికీ వినపడలేదు. పాట ఎత్తుకోబోయాడు, మొదటి మాటకే దగ్గు వచ్చింది. ఆడవాళ్ళు ఒక శ్రుతిలో, మగవాళ్ళు ఇంకో శ్రుతిలో మొదలుపెట్టారు. కొంతమంది రెండో చరణానికి పోయారు, కొంతమంది పల్లవి దగ్గరే ఉన్నారు. సగంలో పాట చెదిరిపోయింది. ఆదెమ్మ కూతురు ఏడుపు ఆపి, ఏమైందన్నట్టు తల ఎత్తి చూసింది. పాస్టరయ్య గబగబా ప్రార్థన అందుకున్నాడు.

ఇంటికి వచ్చి వరప్రసాదం గిటారును సంచిలో పెట్టి జిప్పు వేశాడు.

"ఇంక నన్ను పిలవొద్దని చెప్పు సువార్తా," అన్నాడు.

"నేను చెప్పను. కావాలంటే నువ్వే చెప్పు," అంది సువార్తమ్మ.

మర్నాడు ఏబేలు వచ్చాడు. నాలుగిళ్ళ అవతలి నుంచి రావడానికి దారిలో రెండు అరుగుల మీద కూర్చుని వచ్చాడు. అప్పటికి అతని పరిస్థితి వరప్రసాదం కంటే అధ్వాన్నంగా ఉంది. ఎగపోత తగ్గేదాకా ఇద్దరూ ఊరికే కూర్చున్నారు.

"బావా, మనం అనుకున్న మాట జ్ఞాపకముందా?" అన్నాడు ఏబేలు.

జ్ఞాపకం లేకేం. ఒంగోలు నుంచి వచ్చిన రోజుల్లో, ఎవరు ముందు పోతే వాళ్ళకు రెండోవాళ్ళు పాడాలని అనుకున్నారు. అప్పుడది సగం నవ్వులాట.

"నా గొంతు నీకు తెలీదా? నిన్న యేమైందో విన్లేదా?"

"విన్నా. గొంతు లేకపోతే పోనీలే. గిటారు వినపడితే చాలు నాకు. మనోళ్ళు దాని ఎనకమాల పాడతారు."

"అది యాడ వినపడతాది? మైకు పెట్టాలంటే కరెంటు లేదు గదా అక్కడ."

"అది నువ్వు చూసుకో," అని ఏబేలు మెల్లగా లేచాడు. "నాకు ఎక్కువ టయిము లేదు బావా."

ఆ వారంలోనే వరప్రసాదం, సువార్తమ్మ గిటారు పట్టుకుని బస్సెక్కి మార్కాపురం వెళ్ళారు. ఉమామహేశ్వర్లు దగ్గరికి. ఆయన వాళ్ళది బట్టల వ్యాపారం చేసే ఇల్లు. ఈయనకు మాత్రం చిన్నప్పటినుంచీ రేడియోల పిచ్చి. అన్నదమ్ములు గుడ్డలు కొలుస్తుంటే ఈయన పక్క సందులో మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళికైనా, జిల్లా కోసం వేసిన టెంటుకైనా, మా గుడిలో పండక్కైనా ఆయన సెట్లే. వరప్రసాదం పాట ఆయన మైకుల్లో ఎన్నోసార్లు మోగింది.

విషయం విని ఉమామహేశ్వర్లు గిటారు రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు.

"ప్రసాదూ, దీన్లోనే మిషను పెట్టుకోవచ్చు. తీగల కింద ఈ తెల్ల పట్టీ ఉంది గదా, దాని అడుగున సన్నటి వైరు పట్టీ పెడతారు. తీగ అదిరితే అది పట్టుకుంటాది. దాన్ని పెద్దది చేసేదానికి చిన్న పెట్టె, ప్రీ-ఆంప్ అంటారు. బ్యాటరీతో నడుస్తాది. దాని సౌండు బయటికి రావాలంటే స్పీకరు కావాల. చార్జింగు స్పీకరు నా దగ్గర ఉంది. కరెంటుతో పనే లేదు. ఊరికే మైకు పెడితే బయట గాలికి బుర్రుమంటాది, తీగ వినపడదు."

"పెట్టన్నా అయితే."

"పెట్టొచ్చు. కానీ ఆ పెట్టె కూర్చోవాలంటే దీని పక్కన చెక్క కోయాల. అరచేయంత బొక్క పడతాది. ఒకసారి కోస్తే మళ్ళీ అతికేది కాదు. గొంతు మారినా మారొచ్చు. ఆలోచించుకో."

సువార్తమ్మ గిటారును తన వైపు లాక్కుంది. "కోసేది వద్దులే అన్నా. ఇంకోటేమన్నా చెయ్యి."

వరప్రసాదం భార్య చేతి మీద చేయి వేశాడు.

"నాకూ పక్కలో బెజ్జం పెట్టినారు గదే. పెట్టబట్టే గదా నీ ముందర కూచోనుండా." ఇంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. ఆగి, "కొయ్యన్నా," అన్నాడు.

సామాను తెప్పించడానికి కొన్నాళ్ళు పట్టింది. అది వచ్చిందని ఫోను రాగానే ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. ఉమామహేశ్వర్లు పెట్టెతో వచ్చిన కాగితం అచ్చును గిటారు పక్కన అతికించి, పెన్సిలుతో గీత గీసి, తీగలన్నీ విప్పాడు. మూలల్లో బెజ్జాలు వేసి సన్న రంపంతో కోయడం మొదలుపెట్టాడు. చెక్కపొడి లేచింది. ఉమామహేశ్వర్లు చప్పున ఆగి, "నువ్వు బయట కూచో ప్రసాదూ, ఈ పొడి నీకు మంచిది కాదు," అన్నాడు. వరప్రసాదం బయట బల్ల మీద కూర్చున్నాడు. సువార్తమ్మ మాత్రం లోపలే నిలబడి, కోసిన ముక్క కింద పడబోతే చేతిలో పట్టుకుంది. దాన్ని కొంగున కట్టుకుంది.

పెట్టె అమరింది. కింద వైపు వైరు గుచ్చే పిన్నుకు ఇంకో రంధ్రం వేశాడు. తెల్ల పట్టీ కింద వైరు పట్టీ పరిచి, తీగలు బిగించి, స్పీకరుకు తగిలించాడు. వరప్రసాదం మీటాడు. సందులో పోయేవాళ్ళు తిరిగి చూశారు. అంత పెద్దగా పలికింది. కానీ అతని మొహం విప్పారలేదు.

"మూడో తీగ చచ్చిపోయిందన్నా."

నిజమే. మిగతా తీగలు గంటల్లా మోగుతుంటే మూడోది గోడ అవతలినుంచి వస్తున్నట్టుంది. ఉమామహేశ్వర్లు తీగలు సడలించి తెల్ల పట్టీని బయటికి తీసి చూశాడు. కింద వైరు పట్టీ వచ్చి ఎత్తు పెరుగుతుంది కాబట్టి పట్టీ అడుగును ముందే ఆకురాయితో అరగదీసి ఉన్నాడు. అరగదీసినప్పుడు నడుమ కాస్త గుంట పడింది. అక్కడ ఆనడం లేదు.

"సదునుగా ఉండాల. చేత్తో పట్టి రాస్తే ఇట్లే వస్తాది," అని తల గోక్కున్నాడు.

"ఒక పలక ఇప్పించన్నా," అన్నాడు వరప్రసాదం.

మార్కాపురంలో పలక దొరకడం ఎంతసేపు? పక్క దుకాణం నుంచి వచ్చింది. ఉమామహేశ్వర్లు దాని మీద గరుకు కాగితం పరిచి పట్టుకున్నాడు. వరప్రసాదం మూతికి తువాలు కట్టుకుని, పొడి లేవకుండా కాగితం తడిపి, పట్టీని నిలబెట్టి ముందుకూ వెనక్కూ రుద్దాడు. పని మానేసిన చేతులైనా వంకర పోలేదు. మళ్ళీ బిగించారు. మూడో తీగ మిగతావాటితో కలిసి పలికింది. ఉమామహేశ్వర్లు వరప్రసాదం భుజం తట్టి, స్పీకరు కూడా అతనికే ఇచ్చేసి, జాగ్రత్తలు చెప్పాడు.

"వైరు దీన్లో గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చయితానే ఉంటాది. వాయించినా వాయించకపోయినా. పనైపోగానే పీకెయ్. స్పీకరుకు మరీ దగ్గరగా కూచోవద్దు, కూత పెడతాది."

ఆ సాయంత్రమే ఏబేలు ఇంటికి వెళ్ళారు. ఏబేలు వాకిట్లో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. అతని భార్య ఏసమ్మ స్పీకరుకు పీట వేసింది. వరప్రసాదం మీటగానే వీధిలో కుక్కలు లేచాయి.

"కొంచెం తగ్గించు బావా," అన్నాడు ఏబేలు. "నేను ఇంకా పోలే."

ఏసమ్మ నవ్వి, మొహం తిప్పుకుంది. వరప్రసాదం తగ్గించి ఒక పాటంతా వాయించాడు. పాడేవాళ్ళు లేరు. ఏబేలు పెదవులు మాత్రం కదిలాయి. అయ్యాక చాలాసేపు గిటారు పక్కన ఉన్న ఆ నల్లపెట్టె మీద వేలు పెట్టి నిమిరాడు.

"వాగు అవతలిదాకా పోతాదంటావా?"

"పోతాది."

"అయితే సరే," అన్నాడు.

ఆ తరువాత ఎక్కువ రోజులు గడవలేదు. వరప్రసాదం రోజూ సాయంత్రం కాసేపు వాయించి చేయి సాధన చేసుకుంటుండేవాడు. ఒక సాయంత్రం అలా వాయిస్తుండగానే ఏబేలు ఇంటి వైపునుంచి ఏడుపు వినపడింది. గిటారును ఉన్నదున్నట్టు గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. ఏబేలు కొడుకు హైదరాబాదు నుంచి రావాలి. ఐసుపెట్టె తెప్పించి మూడోనాటి మధ్యాహ్నం దాకా ఉంచారు. ఆ రెండు రాత్రులూ వరప్రసాదం అక్కడే కూర్చున్నాడు. వైరు గిటారులోనే గుచ్చి ఉన్న సంగతి అతనికి గుర్తులేదు. సువార్తమ్మకూ గుర్తులేదు.

మూడోనాడు సమాధుల తోటలో కుర్చీ, కాస్త దూరంగా స్పీకరు పెట్టారు. చుట్టుపక్కల పాలేల నుంచి పలకల పని చేసినవాళ్ళు చాలామంది వచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, మాట్లాడలేని వాళ్ళే సగం మంది. పెట్టె దించుతుండగా వరప్రసాదం మీటాడు. ఆ శబ్దం దిబ్బల మీదుగా వెళ్ళి వాగు దగ్గర ఇంకా నడిచి వస్తున్నవాళ్ళకు కూడా అందింది. వాళ్ళు అక్కడినుంచే పాట అందుకుని వచ్చారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒక్క శ్రుతిలో ఉన్నారు. మొదటి చరణం, రెండో చరణం. వరప్రసాదం కళ్ళు మూసుకున్నాడు.

మూడో చరణంలో స్పీకరు గరగరమంది. తీగలు చిరిగినట్టు పలికి, మెల్లగా సన్నగిల్లి, ఆగిపోయింది. వరప్రసాదం వైరు కదిలించాడు. మీట తిప్పాడు. లాభం లేదు. వేళ్ళు తీగల మీద ఆడుతూనే ఉన్నాయి గానీ ఏమీ వినపడలేదు. లేచి నిలబడి నోరు తెరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

పాట ఆగబోయింది. అప్పటిదాకా గుంట అంచున కూర్చుని ఉన్న ఏసమ్మ, తల ఎత్తకుండానే తరువాతి మాట అందుకుంది. బాగా పాడే గొంతు కాదు ఆమెది. కానీ గిటారు విడిచిన శ్రుతి దగ్గరే అందుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు కలిశారు, వెనకనున్న మగవాళ్ళు కలిశారు. మట్టి వేయడం అయ్యేదాకా పాట చెదరలేదు.

అందరూ వెళ్ళాక వరప్రసాదం కుర్చీలోంచి లేవలేదు. ఏసమ్మ దగ్గరికి వచ్చింది.

"మాట తప్పినా ఏసమ్మా," అన్నాడు. "వైరు తియ్యలే. నాదే తప్పు."

"యాడ తప్పినావన్నా? నువ్వు ఎత్తియ్యకపోతే మేం యాడ పాడతాం? నాకు నోరొచ్చింది దాని ఎనకమాలే," అంది. చేతికంటిన మట్టి దులుపుకుని, "ఆయన విన్నాడు లే. ఇంట్లో విన్నాడు గదా," అంది.

తరువాత వరప్రసాదం సంచిలో ఒకటి కాదు, రెండు బ్యాటరీలు ఉండేవి. చొక్కా జేబులో ఇంకొకటి. అతని సంగతి తెలిసి వేరే ఊళ్ళ నుంచి కూడా పిలుపులు వచ్చేవి. పెద్దారవీడు వైపు, త్రిపురాంతకం వైపు, ఒకసారి గిద్దలూరు నుంచి కూడా. ఆటో పంపేవాళ్ళు. సువార్తమ్మ వెంట ఉండేది, ఒక చేతిలో స్పీకరు, ఒక చేతిలో మందుల సంచి. ఎక్కడా పాట ఎత్తడానికి అతను మళ్ళీ నోరు తెరవలేదు. శ్రుతి చూసి మీటేవాడు. జనం పాడేవాళ్ళు.

త్రిపురాంతకం దగ్గర పల్లె నుంచి మాలకొండయ్య అనే తాపీ పనివాడు కొన్నాళ్ళు ఆదివారాలు వచ్చి అతని దగ్గర నేర్చుకున్నాడు. వాళ్ళ నాయన కూడా పలకల పనిలోనే పోయాడు. మాలకొండయ్య వేళ్ళు సిమెంటుకు మొద్దుబారి ఉండేవి, తీగ సరిగా నొక్కలేకపోయేవాడు. వరప్రసాదం మాటలతో చెప్పలేక, అతని వేళ్ళను పట్టుకుని తీగ మీద పెట్టేవాడు. ఒకే పాటను వారాల తరబడి.

రెండేళ్ళు అలా నడిచాయి. ఆ తరువాత ఇంట్లోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. దానికి కరెంటు కావాలి కాబట్టి వరప్రసాదం గడప దాటలేకపోయాడు. పిలవడానికి వచ్చినవాళ్ళు అతన్ని చూసి, ఊరికే పలకరించడానికి వచ్చామని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఒక వానాకాలం తెల్లవారుతుండగా సువార్తమ్మ చేతి మీదే పోయాడు.

ఉమామహేశ్వర్లు దుకాణం మూసి వచ్చాడు. మా సమాధుల తోటకు ఆయన రావడం అదే మొదలు. చెప్పులు వాగు ఒడ్డునే విడిచి, బురదలో నడిచి, ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గిటారును కూడా పెట్టెలో పెడదామని ఎవరో అన్నారు. సువార్తమ్మ ఒప్పుకోలేదు. మాలకొండయ్యకు అందరి ముందూ వాయించే ధైర్యం చాలలేదు. గిటారు లేకుండానే పాడాం. ఏసమ్మ ఎత్తింది. పాట కొంచెం వంకర పోయింది, మళ్ళీ కలిసింది. వాన పడుతుంటే త్వరగా ముగించాం.

దినం అయ్యాక మాలకొండయ్య పలకరించడానికి వచ్చాడు. సువార్తమ్మ గిటారు సంచి, స్పీకరు తెచ్చి అతని ముందు పెట్టింది.

"వద్దత్తా," అన్నాడతను. "మామ వస్తువు. నీ దగ్గరే ఉండనీ."

"నా దగ్గరుంటే దాని మొగం చూస్తా కూచోవాల. నాకు వాయించేది రాదు గదా నాయనా. మీ పక్క ఎవరన్నా పోతే ఇప్పుడు ఎవురు వాయిస్తాన్నారు?"

మాలకొండయ్య సంచి వంక చూశాడు.

"ఎవురూ లేరు గదా. తీసుకపో."

అతను సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "ఒక పాట వాయించిపోయేదా అత్తా?"

సువార్తమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడొద్దు. నాకింకా శక్తి లేదు. పో, బస్సు పోతాది."

క్రిస్మస్ దగ్గరపడుతున్నప్పుడు త్రిపురాంతకం వైపు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఒక ముసలాయన పోయాడని, మాలకొండయ్య వాయించబోతున్నాడని, వస్తావా అని. సువార్తమ్మ ఏసమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరూ జనం వెనక, ఎవరికీ తెలియకుండా నిలబడ్డారట. మాలకొండయ్య ఒకచోట తప్పు తీగ నొక్కాడట. జనం పట్టించుకోలేదు, పాడుతూ పోయారు.

తిరిగొచ్చాక ఎట్లా ఉందని అడిగాను.

"బాగానే వినపడింది," అంది సువార్తమ్మ. "నేనూ పాడినా."